మిరపకాయ కళ్ల మేడమ్

దొరసాని పోయిందట. మొన్న పేపర్లో లోపలి పేజీలో, కింద మూలన, బొటనవేలంత ఫోటోతో వేశారు. ఇంగ్లండులో ఒకప్పుడు దెయ్యాల సినిమాల్లో వేసిన నటి వృద్ధాప్యంతో కన్నుమూసిందనీ, ఆమెకి ఇప్పటికీ దేశదేశాల్లో వీరాభిమానులున్నారనీ నాలుగు వాక్యాలు. అవి చదువుతూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. "ఎవరండీ, మీకు తెలిసినామా?" అని మా ఆవిడ అడిగింది. తెలిసినామే అన్నాను. కోరలు పెట్టుకుని దొరల మెడలు కొరికే మనిషి నాకెలా తెలుసో చెప్పాలంటే పెద్ద కథ అవుతుందని ఊరుకున్నాను.

నిజానికి నాకు గుర్తొచ్చింది దొరసాని కాదు. ఆ దొరసానిని ఏళ్ల తరబడి నా కొట్లో కూర్చుని తిట్టిపోసిన మా ఊరి మనిషి.

ఆమె పేరు రాయను. రాస్తే ఊరుకోదని నా భయం, చనిపోయి ఇన్నేళ్లయినా సరే. మద్రాసులో ఏడు సినిమాల్లో వేసింది. ఏడింట్లోనూ దెయ్యమే. ఆరింటి టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు, ఏడోదాంట్లో "తదితరులు" అనేశారు. "అప్పుడు వెయ్యనోళ్లు ఇప్పుడెందుకబ్బాయ్ వెయ్యటం" అనేది. మద్రాసు ఎలా వెళ్లిందని అడిగితే ఒకసారి నాటకాల కంపెనీతో అనీ, ఒకసారి మేనమామతో అనీ, ఇంకోసారి రైల్లో నిద్రపోయి దిగాల్సిన చోట దిగలేదనీ చెప్పింది. మూడూ నమ్మేటట్టే చెప్పింది. అప్పుడే నేను జాగ్రత్తపడి ఉండాల్సింది.

తొంభైల చివర్లో పర్చూరు దగ్గర మా ఊళ్లో నాకు వీడియో కేసెట్ల కొట్టు ఉండేది. ఒకసారి గుంటూరులో ఎవరో కొట్టు ఎత్తేస్తుంటే ఒక అట్టపెట్టెడు ఇంగ్లీషు కేసెట్లు తెచ్చాను. అందులో సగం దొరసానివే. పాతకోటలు, పొగమంచు, శవపేటికలు, మధ్యలో స్నానాల గది. మా ఊరి మోతుబరులు వాటిని చొక్కా లోపల దాచుకుని పట్టుకుపోయేవాళ్లు. వాళ్లకి దెయ్యాలంటే ఆసక్తి లేదు. తిరిగి తెచ్చిన కేసెట్టు సరిగ్గా స్నానాల గది దగ్గరే ఆగి ఉండేది, దాన్నిబట్టి ఎవరి ఆసక్తి ఎంతవరకో నాకు తెలిసేది.

ఒకరోజు ఒకామె వచ్చి కౌంటరు ముందు నిలబడింది. యాభై దాటిన మనిషి, నేత చీర, కూలిపనికి వెళ్లి వచ్చిన చేతులు. గోడకున్న అట్టల్లో దొరసాని బొమ్మని చూపించి, "ఇది ఇంకా బతికే ఉందా?" అంది.

"ఎవరమ్మా?" అన్నాను.

"అమ్మ ఏంది. మద్రాసులో నన్ను మేడమ్ అనేవోళ్లు."

మా వీధిలో రైతుల ఇళ్లవాళ్లం, మాలపల్లి నుంచి వచ్చిన కూలిమనిషిని అండీ అని కూడా పిలిచిన పాపాన పోలేదు. నేను సరదాకి, వెటకారంగానే, "చెప్పండి మేడమ్" అన్నాను. ఆమె వెటకారాన్ని పట్టించుకోలేదు, పిలుపు మాత్రం తీసుకుంది. ఆ తర్వాత మార్చుకుందామన్నా నాకు నోరు తిరగలేదు. కొట్టుకి వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె వాళ్లవైపు మెడ ముందు తిప్పి, కళ్లు తర్వాత తిప్పి చూసేది. రెప్ప వేసేది కాదు. నవ్వు ఆగేది.

దొరసానితో తగువు ఇదీ. మొదటి సినిమాకి డైరెక్టరు ఆమెని తీసుకెళ్లి దొరసాని సినిమా చూపించి, ఇదిగో ఇలా చెయ్యి, ఇంకేం వద్దు అన్నాడట. నడక, చూపు, చెయ్యి లేపడం, అన్నీ దొరసానివే దించాలన్నాడు. ఇంకొకామె అయితే గురువు అనుకుని దండం పెట్టేది. ఈమె మాత్రం, "నేను చేద్దామనుకున్నయ్యన్నీ అది ముందే చేసేసింది" అని ఆ రోజు నుంచీ పగబట్టింది.

ఇంట్లో టీవీ కూడా లేదు కాబట్టి నా కొట్టు వెనక గదిలో కేసెట్టు వేసుకుని చూసేది. మధ్యాహ్నాలు బేరాలుండవు, నేనూ చూసేవాణ్ణి. ఇంగ్లీషు ఆమెకి ఒక్క ముక్క రాదు. కథ నాకు ఆమే చెప్పేది. నాకు అర్థమైన ఇంగ్లీషు కథ కన్నా ఆమె చెప్పేదే బాగుండేది.

"చూడు, పరిగెత్తింది. ఎవరు పరిగెత్తమన్నారు దీన్ని? దెయ్యం పరిగెత్తదు అబ్బాయ్. పరిగెత్తేది హీరోయిన్. దెయ్యం నడుస్తది. చచ్చినోళ్లకి తొందరేంది?"

మళ్లీ కాసేపటికి, "అరుపు చూడు, వట్టి అరుపు. అరవబోయే ముందు ఊపిరి బిగబట్టాల. చూసేవోడు కూడా బిగబట్టాల. అప్పుడు అరవాల. ఇది సంతలో కూరగాయలమ్మినట్టు అరుస్తది."

ఎప్పుడైనా దొరసాని బాగా చేస్తే మాత్రం మాట్లాడేది కాదు. కేసెట్టు వెనక్కి తిప్పమని వేలితో సైగ చేసేది. తిప్పేవాణ్ణి. ఇంకోసారి సైగ చేసేది.

దొరసాని కళ్లు ఎర్రగా ఉండేవి. కనుగుడ్లకి రంగు అద్దాలు పెడతారని ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి చెప్పాను. ఆ రోజు ఆమె ఆనందం చూడాలి. "అద్దాలా? అయితే అది దానిది కాదు గదా. నాది చూడు" అని రెండు చేతులూ చాపింది. మా వైపు మిరపకాయలు ఎండాక ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తుంచుతారు. ముచ్చికలు తీయడం అంటాం. రోజంతా తీస్తే ఆ ఘాటు వేళ్లకి పట్టేసి సబ్బుకి కూడా పోదు. ఆ చేత్తో కంటిని ముట్టుకుంటే ఇక అంతే. మద్రాసులో ఈమె చేసిందల్లా అదే. ఊరి నుంచి ఒక సంచి ఎండుమిరపకాయలు తెప్పించుకుని, షూటింగుకి ముందు కూర్చుని ముచ్చికలు తీసి, షాటుకి పిలవగానే కళ్ల కింద వేళ్లు రాసుకునేది. కళ్లు నిప్పుల్లా అయ్యేవి, నీళ్లు ధారగా కారేవి. కెమెరా మనిషి జడుసుకున్నాడని చెప్పింది. అది కూడా నేను నమ్మాను.

సినిమాలు ఆగిపోయాక అవే వేళ్లతో ఊరికి వచ్చి, అదే పని కూలికి చేసేది. మిరపకాయలు ఆరబోసే కళ్లంలో ఆమె పక్కన కూర్చోవడానికి కొందరు ఆడవాళ్లు జంకేవాళ్లు. పిల్లలు అన్నం తినకపోతే ఆమె పేరు చెప్పి తినిపించేవాళ్లు. అదంతా తన అభిమానుల హడావుడి కిందే లెక్కేసుకునేది. రేషన్ షాపులో ఎవరైనా వరస తప్పి ముందుకి వస్తే ఒక్క చూపు చూసేది, వాళ్లు సంచీ మర్చిపోయి మరీ వెనక్కి వెళ్లేవాళ్లు.

మా వాళ్ల తెలివి గురించి కూడా చెప్పాలి. ఒక ఏడు పత్తికి పురుగు పట్టి చేలకి చేలు పోయాయి. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, పైగా బలిసింది. ఆ డబ్బాల్లో ఉన్నది మందో నీళ్లో అడిగినవాడు లేడు. మందుల కొట్టాయనకి దండం పెట్టి మళ్లీ అతని దగ్గరే అరువు తెచ్చుకున్నారు. విత్తనాలు తెచ్చిన రోజున దెయ్యం వేషాలామె ఎదురైందని మాత్రం ఊరంతా ఒప్పుకుంది. మా బాబాయి కూడా ఆ మాటే అన్నాడు. "మెడ కొరికింది ఎవరో తెలియనోళ్లు నన్నంటారేందబ్బాయ్" అంది ఆమె. నేను తల దించుకున్నాను. బాబాయికి ఎదురు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇంకోసారి ఒక ఇంగ్లీషు పత్రికలో దొరసాని గురించి పేజీడు రాశారు. మొదట పనిమనిషిగా వేసి రెండో రీల్లో చచ్చిపోయేదట. తర్వాత రాణి అయి ఇతరుల్ని చంపిందట. వయసు మళ్లాక, ఆ కోటకి వెళ్లొద్దు బాబూ అని దారిలో హెచ్చరించే పూటకూళ్లమ్మ వేషాలిచ్చారట. అవీ అయిపోయాక, ఏటా ఒక హోటల్లో అభిమానులు చేరి ఆమె చేత ఫోటోల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారట. మేడమ్‌కి తెలుగులో చదివి వినిపించాను.

"దెయ్యం వేసినందుకు దాన్నేమీ అనలేదా? ఆళ్ల చర్చిలో?" అంది.

రాయలేదన్నాను. కొట్టు మెంబరు కార్డు ఒకటి తీసుకుని, నా పెన్ను తీసుకుని, కార్డు వెనక పెద్ద సంతకం పెట్టి నాకిచ్చింది. ఆమెకి రాయడం వచ్చింది ఆ ఒక్క మాటే. "దాచుకో" అంది. వెటకారంగా కళ్లకద్దుకున్నాను. దాచుకున్నాను కూడా.

చర్చి సంగతి ఊరికే అడగలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాలపల్లి చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, అందరూ అయ్యగారు అనేవాళ్లు. ఆమె అప్పటికి ఛాతీ నొప్పితో రెండుసార్లు చీరాల ఆసుపత్రికి వెళ్లి వచ్చింది. సంఘపెద్దల్ని ఒకటే అడిగింది: పోయాక సమాధుల దొడ్డిలో వాళ్లమ్మ పక్కన చోటు కావాలి. అయ్యగారు వినయంగానే చెప్పాడు. సాతాను వేషాలు వేసిన మనిషి కాబట్టి సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి, చేసింది పాపమని ఒప్పుకోవాలి, అప్పుడే ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ, దొడ్డిలో చోటూ అని. తాగుబోతులూ, పేకాటగాళ్లూ అలా చెప్పి మారినవాళ్లే. వాళ్లలో సగం మంది ఆ తర్వాత కూడా నాలుగైదుసార్లు మారారు.

ఆమె ఆరు నెలలు మొండికేసింది. "మిరపకాయలు కోస్తే కూలి ఇచ్చారు. దెయ్యం వేస్తే కూలి ఇచ్చారు. కూలిపని పాపమెట్టా అయిద్ది? మరి డైరెక్టరు సాక్ష్యం ఎవరి ముందు చెబుతాడు?" అనేది నాతో. అయ్యగారితో కూడా అదే అన్నదట. ఆయన ప్రార్థన చేస్తానన్నాడట.

మాఘమాసంలో, మిరప కళ్లాలు నిండుగా ఉన్న రోజుల్లో, వచ్చి ఒక కేసెట్టు వెయ్యమంది. దొరసాని మంత్రగత్తెగా వేసిన సినిమా. చివర్లో ఆమెని తగలబెట్టబోతుంటే చర్చి గురువు ముందు మోకాళ్ల మీద కూలబడి పశ్చాత్తాపపడుతుంది. ముందు జుట్టు ముడి వీడుతుంది. చెయ్యి గొంతు దగ్గరికి వెళ్తుంది. పైకప్పు వైపు చూస్తుంది, మాట రాదు. తర్వాత ఒక్కొక్క మాట. గురువు కరిగిపోయి, వంగి ఆమె తల మీద చెయ్యి పెడతాడు. అప్పుడు తలెత్తి ఆయన గొంతు కొరికేస్తుంది. అదీ ఆ సీను. ఆ వారం మూడు రోజులు, అదే సీను, వెనక్కి తిప్పి వెనక్కి తిప్పి చూసింది. ఒక్కసారి కూడా తిట్టలేదు. శనివారం సాయంత్రం వెళ్తూ, "ఇయ్యాళ మూడు గంపల ముచ్చికలు తీశా. చేతులు కడగను" అంది.

ఆదివారం పొద్దున నేను వెళ్లి చర్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. నేనొక్కణ్ణే కాదు. దెయ్యాలామె సాక్ష్యం చెబుతుందంటే మా వీధి సగం అక్కడే ఉంది, మా బాబాయితో సహా. లోపల చాపల మీద జనం కిక్కిరిసి ఉన్నారు.

ఆమె లేచింది. నడిచింది. తొందర లేదు. ముందుకి వచ్చి రెండు చేతులూ జోడించి ముఖానికి ఆనించుకుంది. చేతులు దించేసరికి కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతూ ఉన్నాయి. జుట్టు ముడి వీడింది. చెయ్యి గొంతు దగ్గరికి వెళ్లింది. రేకుల కప్పు వైపు చూసింది. ఊపిరి బిగబట్టింది. చర్చిలో ఉన్నవాళ్లంతా బిగబట్టారు. కిటికీ దగ్గర నాకు నవ్వు తన్నుకొస్తోంది. లోపల మూడొందల మంది ఉంటే, అది ఏ కేసెట్టో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నా కళ్లతో సాతాను చూశాడయ్యా" అంది. "నా నోటితో వాడు నవ్వాడు." ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఎవరో స్తోత్రం అన్నారు. మోకాళ్ల మీద కూలబడింది. అయ్యగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందుకి వచ్చి, వంగి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

తలెత్తింది. ఆయన గొంతు వైపు చూసింది. నా నవ్వు చచ్చిపోయింది. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో కిటికీ ఊచలు గట్టిగా పట్టుకున్నాను. ఆమె మెడ ముందు తిప్పి, కళ్లు తర్వాత తిప్పి, కిటికీలోంచి నావైపు చూసింది. మళ్లీ తల వంచేసింది.

"మా అమ్మ పక్కన ఇంత చోటియ్యండి" అంది మెల్లగా. "ఆమె ఒక్కతే ఉంది."

ఆ మాట సినిమాలో లేదు. ఎన్నిసార్లు చూశాను, అందులో తల్లి ఊసే రాదు. అంతసేపూ నవ్వు ఆపుకున్నవాణ్ణి, ఆ మాటకి ఏడ్చాను. మా బాబాయి కూడా కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆరాధన అయ్యాక పెద్దలు ఆమెని సమాధుల దొడ్డికి తీసుకెళ్లారు. అక్కడ ఎక్కువ మట్టిదిబ్బలే, రాళ్లు లేవు. ఆమె ముందు నడిచి తూర్పు గోడ పక్కన ఒక దిబ్బ దగ్గర ఆగి, "ఇదే, మా అమ్మ" అంది. అయ్యగారు ఆ పక్క చోటుకి నాలుగు పుల్లలు పాతించాడు.

మధ్యాహ్నం కొట్టుకి వచ్చింది. "ఎట్టా చేశా?"

"దొరసాని మీ ముందు ఎందుకూ పనికిరాదు మేడమ్" అన్నాను. "కానీ ఆ చివరి మాట మాత్రం నటన కాదు."

"ఏడ్చావా?"

"ఏడ్చాను."

"ఊఁ" అంది. టీ తెప్పించమంది.

తర్వాత కేసెట్ల కాలం పోయింది. నేను కొట్టు మూసి ఎరువుల ఏజెన్సీ పెట్టాను. ఊళ్లో ఉన్న ఒక్క సినిమా హాలూ మూతపడి మిర్చి గోడౌను అయింది. అయ్యగారు ప్రతి ఏటా ఉపవాస ప్రార్థన కూటాల్లో ఆమె సాక్ష్యం గురించి చెప్పేవాడట. పెదకాకాని వైపు సంఘాల నుంచి కూడా మనుషులొచ్చి ఆమెని చూసి వెళ్లేవాళ్లట. ఆమె వాళ్లకి ఓపిగ్గా మళ్లీ చేసి చూపించేదని విన్నాను. ఒక ఎండాకాలం, కళ్లంలో ముచ్చికలు తీస్తూ తీస్తూ కుప్ప మీదికి ఒరిగిపోయింది. పక్కవాళ్లు చాలాసేపు వేషమే అనుకున్నారట.

శవపెట్టెని గోడ పక్కకి తెచ్చారు. నేను వెనగ్గా నిలబడ్డాను. పక్కనే ఆమె వాడకి చెందిన ముసలమ్మ ఒకామె, చిన్నప్పుడు ఆమెతో కలిసి కూలికి పోయిన మనిషి, నేల మీద చతికిలబడి ఉంది. "పోనీలే, చివరికి తల్లి పక్కకి చేరింది" అన్నాను.

"తల్లా?" అంది ముసలమ్మ. "ఆళ్లమ్మ ఇక్కడెక్కడిదయ్యా. ఆళ్లమ్మ పోయేనాటికి ఈ దొడ్డే లేదు. కాలవ గట్టున పెట్టారు. ఆ గట్టు ఎనకటి తుపానులో కోసుకుపోలా? ఆ సంగతి దీనికి బాగా తెలుసు."

నేను ఆ దిబ్బ వైపు చూశాను. అది ఎవరిదో. తర్వాత తలెత్తి ఎదురుగా చూశాను. గోడ అవతల రోడ్డు, రోడ్డు అవతల సినిమా హాలు. ఆమె చోటు చూపించిన రోజుల్లో అక్కడ రోజూ రెండు ఆటలు ఆడేవి. దొడ్డి మొత్తం మీద హాలు ముఖద్వారం, పోస్టర్లు అంటించే గోడ నిండుగా కనిపించేది ఆ ఒక్క చోటు నుంచే.

కిటికీ దగ్గర అందరికన్నా తెలివైనవాణ్ణని నవ్వుకుంటూ నిలబడ్డ నన్నే కొరికింది. కోపం రాలేదు. ఇంత గొప్ప నటి నా వెనక గదిలో విరిగిన స్టూలు మీద కూర్చుని వెళ్లిందని, ఆమెని ఊరికి ఎదురుగా ఒక్కసారి కూడా వెనకేసుకు రాలేదని సిగ్గేసింది. పోస్టర్ల గోడ మీద ఇప్పుడు పోస్టర్లు లేవు. గోడౌను ముందు పట్టాల మీద ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని ముచ్చికలు తీస్తున్నారు. పెట్టె దించుతుంటే పని ఆపి లేచి నిలబడ్డారు.

అయ్యగారు ప్రార్థన ముగించి, అందరినీ పలకరిస్తూ నా దగ్గరికి వచ్చాడు. నా ముఖం చూసి ఆగాడు. "మీరు కూడా కంటతడి పెట్టారేంటండీ?" అన్నాడు.

"మిరపకాయల ఘాటండీ" అన్నాను, గోడౌను వైపు చూపించి.

ఆయన అదీ నమ్మాడు.